సూదికి వ్యాసం ఎంత?

"మేడమ్, మన డీ నైంటీ 48 వచ్చింది. వాళ్ళకి 112 వచ్చిందంట. ఒకటే బ్యాచ్, ఒకటే డ్రమ్ము. ఎవరిది కరెక్టు?"

2011 వేసవిలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి క్వాలిటీ విభాగం నుంచి వచ్చిన ఫోను ఇది. అప్పటికి నేను జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ అనలిటికల్ ల్యాబులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మందు పొడిలో రేణువులు ఎంతెంత సైజులో ఉన్నాయో కొలిచే పద్ధతులు తయారుచేయడం నా పని. ల్యాబు మాటల్లో దాన్ని పీఎస్‌డీ అంటాం. ఆ బ్యాచ్‌ని కొలిచిన పద్ధతి నేను రాసిందే, దాని మీద సంతకం నాదే. అందుకే ఫోను నాకొచ్చింది.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. డీ నైంటీ 48 అంటే, పొడి మొత్తం ఘనపరిమాణంలో 90 శాతం 48 మైక్రాన్ల లోపు రేణువులదే అని అర్థం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. నీళ్ళలో సరిగా కరగని మందులకి ఈ సైజే ప్రాణం. రేణువు పెద్దదైతే మాత్ర కడుపులో ఆలస్యంగా కరుగుతుంది, రక్తంలోకి చేరాల్సినంత మందు చేరదు. మా మందుకి పెట్టుకున్న పరిమితి 60. మా లెక్కలో ఆ బ్యాచ్ పాసు, కొన్నవాళ్ళ లెక్కలో ఫెయిలు. సరుకంతా వాళ్ళ గోడౌన్‌లో ఆగిపోయింది.

కొలిచే యంత్రం ఇద్దరి దగ్గరా ఒకే రకం, లేజర్ డిఫ్రాక్షన్. పొడిని గాలిలోనో ద్రవంలోనో విడగొట్టి, 633 నానోమీటర్ల ఎర్ర లేజరు కాంతికి అడ్డంగా పంపిస్తాం. పెద్ద రేణువు తన మీద పడిన కాంతిని దాదాపు సూటిగా ముందుకే, చిన్న కోణంలో చెదరగొడుతుంది. చిన్న రేణువు వెడల్పుగా చిమ్ముతుంది. ఏ కోణంలో ఎంత కాంతి పడిందో ఎదురుగా ఉన్న డిటెక్టర్లు పట్టుకుంటాయి. ఆ వెలుగుని బట్టి ఏ సైజు రేణువులు ఎన్ని ఉండి ఉండాలో యంత్రం వెనక్కి లెక్కగడుతుంది. ఆ లెక్క ప్రతి రేణువునీ గోళం అనుకునే చేస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఐఎస్‌ఓ 13320 ప్రమాణంలో ఉంది, యంత్రంతో వచ్చే పుస్తకంలోనూ ఉంది. చదివానని శిక్షణ రికార్డులో నేను సంతకం కూడా పెట్టాను. చదవడం వేరు, అది మన బ్యాచ్ మీదికొచ్చి నిలబడటం వేరు.

మరుసటి రోజు నుంచి దర్యాప్తు. ముందు రెండు ల్యాబుల యంత్రాలనీ అనుమానించాం. ప్రమాణ నమూనాతో పరీక్షిస్తే రెండూ శుభ్రంగా పాసయ్యాయి. నాలుగు రోజులకి గాని నాకు తట్టలేదు: ఆ ప్రమాణ నమూనా గాజు పూసలు. గుండ్రటి పూసల్ని గోళాల లెక్కతో కొలిస్తే రెండు యంత్రాలూ ఒకే మాట చెప్పక ఏం చెప్తాయి? మా పొడి పూసలు కాదు కదా. మరి ఏమిటి? అంతవరకూ ఆ పొడిని మైక్రోస్కోపు కింద పెట్టి నేను చూడనే లేదు. మా పద్ధతిలో ఆ మెట్టు లేదు. ఈ రోజుకీ నన్ను బాధపెట్టే విషయం అదే.

చూడమని చెప్పింది మా ల్యాబువాళ్ళు కాదు. రియాక్టర్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన. మెదక్ వైపు మనిషి. శాంపిల్ కోసం ప్రొడక్షన్ బ్లాకులోకి వెళ్ళినప్పుడు మాటల్లో, "అన్నా, ఈ మందు మిగతావాటిలాగే ఉంటుందా?" అని అడిగాను.

"ఏడుంటది మేడమ్? ఇది దూది లెక్క ఉంటది. పక్క బ్లాకుల మందు ఇసుక లెక్క జారుతది. ఇది హాపర్‌ల దిగదు, బయటికెళ్ళి తట్టాలె. జర ఆ సైట్ గ్లాసులకెళ్ళి చూడుండ్రి, తిప్పుతుంటే పట్టుచీర లెక్క మెరుస్తది."

చూశాను. రియాక్టరు మూత మీది గాజు కిటికీలోంచి, లోపలి దీపం వెలుగులో, మందు స్ఫటికాలు తేలుతున్న ద్రవం సుడి తిరుగుతోంది. ఆ సుడిలో తెల్లటి చారలు. కొంగు కదిలించినప్పుడు జరీ మీద వెలుగు జారినట్టు మెరుపు ఒక చోట పుట్టి ఇంకో చోటికి పోతోంది.

ఆ మెరుపు నాకు కొత్తది కాదు. మాది అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు. సైదాపురం వైపు గనుల నుంచి వచ్చే అభ్రకాన్ని మా ఊరి షెడ్లలో ఆడవాళ్ళు పొరలుపొరలుగా చీల్చి, అంచులు కోసి, గ్రేడులు కట్టేవాళ్ళు. మా అమ్మ కొన్నేళ్ళు ఆ పని చేసింది. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చేతుల మీదా జుట్టు మీదా కాకిబంగారం తళతళలాడేది. మా వీధి దుమ్ములో కూడా ఆ రేకులుండేవి. కుండలోని నీళ్ళలో కాస్త వేసి కర్రతో తిప్పితే ఇదే పట్టు మెరుపు. అంతే అభ్రకాన్ని మెత్తగా నూరేస్తే తెల్లటి పిండి, మెరుపు పోతుంది.

ఇందులో ఉన్న సంగతి ఇది. గుండ్రటి రేణువు ఎటు తిరిగినా ఒకేలా ఉంటుంది, కాబట్టి దాని మీద పడిన కాంతి కూడా అన్ని వేళలా ఒకేలా చెదురుతుంది. గోళాలు తేలే ద్రవం పాలలాగా నిదానంగా తెల్లగా కనిపిస్తుంది, తిప్పినా మారదు. సూదికి, రేకుకి ఒక దిక్కు ఉంటుంది. ద్రవం కదిలితే ప్రవాహం వెంట అవి వరసలో సర్దుకుంటాయి. ఒక చోట సర్దుకున్నవన్నీ కాంతిని మన కంటివైపు పంపితే అక్కడ తెల్లటి చార, ఇంకో చోటివి పక్కకి పంపితే అక్కడ చీకటి చార. ఆ పెద్దాయనకి తెలిసిన ఈ సంగతి మా రెండు ల్యాబుల్లోని ఖరీదైన యంత్రాలు చెప్పలేకపోయాయి. వాటిని ఎవరూ అడగలేదు కాబట్టి.

శాంపిల్ తెచ్చి, ఒక చుక్క లిక్విడ్ ప్యారాఫిన్‌లో కలిపి స్లయిడు మీద పెట్టాను. అన్నీ సూదులే. 20 మైక్రాన్ల మందం, 200 మైక్రాన్ల పొడవు. పోలరైజర్లు అడ్డంగా తిప్పితే నల్లటి నేల మీద రంగురంగుల పుల్లలు చల్లినట్టు. అమెరికా ఫార్మకోపియా 776వ అధ్యాయంలో రేణువుల రూపాలకి పేర్లున్నాయి. ల్యాబులో కొత్తగా చేరే పిల్లలకి నేను వాటిని తెలుగులోనే చెప్తాను: సూది, కడ్డీ, రేకు, పలక, బద్ద, ఇక ఎటు చూసినా సమంగా ఉండేది ఒకటి. మాది అచ్చమైన సూది.

ఆ రాత్రి కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా డెస్కులో ఉంది. 20 మందం, 200 పొడవు ఉన్న ఒక సూది సైజు ఎంత? స్కేలు పెట్టి పొడవు కొలిచేవాడికి 200. మందం కొలిచేవాడికి 20. జల్లెడ పట్టేవాడికి 25లోపే, ఎందుకంటే నిలువుగా తిరిగిన సూది 25 మైక్రాన్ల కన్నంలోంచి జారిపోతుంది. ఘనపరిమాణం తీసుకుని అంతే మందు పట్టే గోళం ఎంతని అడిగితే 49. అన్ని దిక్కులకీ దొర్లుతున్నప్పుడు దాని నీడ సగటు వైశాల్యం తీసుకుని, అంతే నీడ పడే గోళం ఎంతని అడిగితే 65. ఒక్క సూదికి ఐదు జవాబులు, అయిదూ నిజాలే. "సూదికి వ్యాసం ఎంత?" అన్న ప్రశ్నే అబద్ధం. మేము రెండు ల్యాబులవాళ్ళం ఆ ప్రశ్నకి జవాబు కోసం రెండు వారాలు కొట్టుకున్నాం.

మరి లేజరు ఈ అయిదింటిలో ఏది చెప్తుంది? ఇది అర్థం కావడానికి కొత్తగా చేరినవాళ్ళ చేత నేను ఒక ప్రయోగం చేయిస్తాను. ఇంట్లో ఎవరైనా చేయవచ్చు, కాంతి మాత్రం ఎవరి కళ్ళలోనూ పడకూడదు. ఒక తలవెంట్రుక తీసుకుని లేజర్ పాయింటరు ముందు నిలువుగా అంటించండి. గది చీకటి చేసి మూడు మీటర్ల దూరంలోని గోడ మీద వేయండి. నిలువు వెంట్రుకకి నిలువు నీడ పడుతుందని అందరూ అనుకుంటారు. గోడ మీద పడేది అడ్డంగా సాగిన ఎర్ర గీత, మధ్యమధ్యలో నల్లటి ఎడాలతో. 70 మైక్రాన్ల వెంట్రుకైతే ఆ ఎడాలు ఒక్కోటి 2.8 సెంటీమీటర్ల దూరంలో వస్తాయి. వెంట్రుకని అడ్డంగా తిప్పితే గీత నిలువుగా లేస్తుంది. సన్నగా ఉన్న వైపు కాంతి బాగా పరుచుకుంటుంది, పొడవుగా ఉన్న వైపు ముడుచుకుంటుంది. ఒక్క సూది రెండు సైజులున్న రెండు రేణువుల్లాగా కాంతికి కనబడుతుంది.

గోళం అయితే గోడ మీద గుండ్రటి వలయాలు పడతాయి. గోళాలే అని నమ్మిన యంత్రం సూది పంపిన కాంతిని చూసి ఏమంటుంది? "ఇక్కడ 20 మైక్రాన్ల గోళాలు కొన్ని, పెద్ద గోళాలు కొన్ని ఉన్నట్టున్నాయి" అంటుంది. ఉన్నది ఒకే సైజు సూదులైనా గ్రాఫులో రెండు గుట్టలు లేస్తాయి, లేదా ఒక్క గుట్టే బారుగా సాగుతుంది. ఇంకో తంటా కూడా ఉంది. గోళం కానివి పక్క కోణాల్లోకి గోళాల కంటే ఎక్కువ కాంతి పంపుతాయి. ఆ మిగులు వెలుగుని యంత్రం "ఇది ఇంకా సన్నటి పొడి" అని సర్దుకుంటుంది. మైక్రోస్కోపులో ఎంత వెతికినా కనబడని ఒకటి రెండు మైక్రాన్ల గుట్ట గ్రాఫు ఎడమ అంచున లేస్తుంది. మా ల్యాబులో దాన్ని దయ్యం పీక్ అంటారు. దాని కోసం మిల్లింగ్ వాళ్ళని నిలదీసిన రోజులున్నాయి. వాళ్ళ తప్పేమీ లేదు.

ప్రవాహం సంగతి వేరే. కొలిచే గాజు గదిలో ద్రవం పారుతున్నప్పుడు సూదులు అందులో కూడా వరసకడతాయి. డిటెక్టర్లు ఒకే దిక్కున పరిచి ఉంటే వాటికి సూది మందమే కనిపించవచ్చు, లేదా పొడవే కనిపించవచ్చు. స్టిర్రర్ వేగం మారిస్తే జవాబు మారిపోయేది మాకు. అది ద్రవం చిక్కదనం వల్ల అనుకునేవాళ్ళం.

గోళం ఎందుకు అనుకోవాలి అని అడిగే పిల్లలుంటారు. మంచి ప్రశ్న. 1908లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో గుస్తావ్ మీ అనే ఆయన, నీళ్ళలో తేలే బంగారు రేణువులు ఆ రంగుల్లో ఎందుకు కనబడతాయో వివరించడానికి కాంతి చెదరడం లెక్కని పూర్తిగా సాధించారు. అది గోళానికి సాధించిన లెక్క. గోళానికి అన్ని వైపులా ఒకటే కాబట్టి గణితం లొంగింది. వేరే రూపాలకి దారులు చాలా తర్వాత పడ్డాయి: 1965లో వాటర్‌మన్ పద్ధతి, 1975లో సాగదీసిన గోళాలకి అసానో, యమమోటోల లెక్క. రూపం, సైజు చెప్తే కాంతి ఎలా చెదురుతుందో ఇప్పుడు కంప్యూటర్లు చెప్తాయి. మా ల్యాబుకి కావలసింది తిరగేసిన లెక్క. చెదిరిన కాంతిని చూసి సైజు, రూపం రెండూ చెప్పమంటే ఆ ఒక్క వెలుగులో అంత సమాచారం ఉండదు. రకరకాల గుంపులు ఒకేలాంటి వెలుగుని ఇవ్వగలవు.

తిరుపతి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు లైబ్రరీలో సూరి భగవంతం గారి పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. కాంతి చెదరడం గురించి, రామన్ ఫలితం గురించి ఆయన రాసింది, 1940లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అచ్చువేసింది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన ఒక తెలుగాయన ఈ విషయం మీద ప్రపంచం చదివే పుస్తకం రాశారని గర్వపడి, పరీక్షకి కావలసిన రెండు అధ్యాయాలు చదివి తిరిగిచ్చేశాను. అణువు అన్ని దిక్కులా ఒకేలా లేకపోతే అది చెదరగొట్టిన కాంతిలో ఆ తేడా కనిపిస్తుందన్నది ఆ శాస్త్రంలో మొదటి పాఠాల్లోదే. అణువుకి చదువుకున్నాను, పొడికి అన్వయించుకోలేదు.

ఇక 48 కథ. మా పద్ధతి పొడిని గాలితో విడగొట్టేది, మూడు బార్ల ఒత్తిడితో. పద్ధతి తయారుచేసేటప్పుడు అర బారు నుంచి నాలుగు దాకా అన్నీ చూశాను. తక్కువ ఒత్తిడిలో ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చేది. మూడు దగ్గర ఆరుసార్లు కొలిస్తే ఆరుసార్లూ ఒకటే జవాబు. ఫార్మకోపియా 429వ అధ్యాయం మధ్య విలువలో 10 శాతం, అంచు విలువల్లో 15 శాతం తేడా ఒప్పుకుంటుంది. నాది రెండు శాతం కూడా దాటలేదు. సంతోషంగా ఖాయం చేశాను. మైక్రోస్కోపుతో చూశాక తెలిసింది, మూడు బార్ల గాలికి సూదులు పుటుక్కున విరిగిపోతున్నాయని. పొట్టి ముక్కలు గోళానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి జవాబు చక్కగా తిరిగి తిరిగి అదే వస్తోంది. నేను కొలిచింది మందుని కాదు, నా యంత్రం చేసిన ముక్కల్ని. ఒత్తిడి పెంచేకొద్దీ సైజు ఎక్కడా నిలవకుండా దిగుతూనే ఉందన్నది నా పాత నోటుబుక్కులోనే ఉంది. రేణువులు విడివడుతున్నట్టయితే ఒక చోట నిలవాలి. నిలవలేదంటే విరుగుతున్నాయని అర్థం. ఆ పేజీని నేను అలా చదవలేదు.

కొన్నవాళ్ళ ల్యాబు హెప్టేన్‌లో మెల్లగా కలిపి కొలిచింది. వాళ్ళ సూదులు విరగలేదు. వాళ్ళ 112 కూడా ఏ సూది సైజూ కాదు, కాకపోతే పొడి ఉన్న స్థితికి మా 48 కంటే దగ్గర. ఈ మాట దర్యాప్తు రిపోర్టులో రాయడానికి మా పైవాళ్ళతో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. రాశాను. బ్యాచ్ వెనక్కి వచ్చింది.

ఈ జబ్బుకి నిజమైన మందు క్రిస్టలైజేషన్ దగ్గర దొరికింది. ద్రవాన్ని గబగబా చల్లార్చడం వల్ల స్ఫటికాలు ఒకే దిక్కున పరిగెత్తి సూదులవుతున్నాయి. ప్రాసెస్ వాళ్ళు చల్లార్చే వేగం తగ్గించి, ముందుగా కాస్త విత్తన స్ఫటికం వేయడం మొదలుపెట్టారు. మూడు నెలల ప్రయత్నం తర్వాత పొట్టి కడ్డీలొచ్చాయి, మందానికి మూడింతల పొడవు. వాటిని తడి పద్ధతిలో మేము కొలిస్తే 54, వాళ్ళు కొలిస్తే 58. సైట్ గ్లాసులో మెరుపు బాగా తగ్గింది. హాపర్ని తట్టే పని కూడా తగ్గిందని పెద్దాయన చెప్పాడు.

తర్వాత రేకుల మందులొచ్చాయి. 100 మైక్రాన్ల వెడల్పు, 5 మైక్రాన్ల మందం ఉన్న రేకు ఘనపరిమాణం లెక్కన 42 మైక్రాన్ల గోళమంత. దొర్లేటప్పుడు కాంతికి సగటున 74 మైక్రాన్ల గోళంలా కనబడుతుంది. ఆ మందుకి పరిమితి పెట్టే మీటింగులో ముందు ఫోటో చూపించి, తర్వాతే అంకె మాట్లాడాను. వాదన జరగలేదు.

2021 జూన్ 2న, కోవిడ్ రెండో వేవ్ నడుస్తుండగా, హైదరాబాదు ఆకాశంలో సూర్యుడి చుట్టూ వలయం కట్టింది. మందుల ఫ్యాక్టరీలు కాబట్టి మేము పాసులతో డ్యూటీకి వస్తూనే ఉన్నాం. అందరం టెర్రస్ ఎక్కాం. భయపడినవాళ్ళున్నారు, అప్పుడు అందరి మనసుల్లో భయమే ఉంది. మా ఊళ్ళో దీన్ని వరదగుడి అంటారు, వాన గుర్తు అంటారు అని చెప్పాను. సూర్యుణ్ణి అరచేత్తో కప్పి, చెయ్యి చాచి జాన పరిచి చూపించాను: సూర్యుడి నుంచి వలయం దాకా దాదాపు జానెడు, 22 డిగ్రీలు. పైన ఎత్తున ఉన్న మబ్బులో మంచు స్ఫటికాలు ఆరు పలకల కడ్డీలుగా, పలకలుగా ఉంటాయి. ఒక పక్కలోంచి దూరి, ఒకటి వదిలి మూడో పక్కలోంచి బయటికొచ్చే కాంతి ఆ కోణంలో పోగవుతుంది. అవే నీళ్ళు గుండ్రటి వాన చుక్కలైతే 42 డిగ్రీల దగ్గర ఇంద్రధనుస్సు కడతాయి, అదీ సూర్యుడికి ఎదురు వైపున. ఎక్కడి మబ్బులోనో ఉన్న స్ఫటికం ఎన్ని పలకలదో నేలమీది మనిషి జానతో కొలిచి చెప్పగలగడం నాకు ఎప్పటికీ పాతబడని ఆనందం.

తిరుపతి దగ్గర గాదంకి వాతావరణ పరిశోధనశాలలో 1998 నుంచి ఇదే పని ఆకుపచ్చ లేజరుతో చేస్తున్నారు. ఒకే తలంలో కంపించే కాంతిని పైకి పంపుతారు. గుండ్రటి చుక్క దాన్ని అదే తలంలో వెనక్కి పంపిస్తుంది. మంచు స్ఫటికం దాన్ని కొంత మార్చి పంపిస్తుంది. వచ్చిన కాంతిని రెండుగా విడదీసి, పైన ఉన్నది చుక్కలా స్ఫటికాలా అని తేలుస్తారు. రూపాన్ని నేరుగా అడిగే యంత్రం అది. మా బెంచి మీది యంత్రాన్ని అలా అడగడానికి వీల్లేదు. అందుకే మనం మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళాలి.

ఈ వృత్తిలో ఉన్న పిల్లలకి, మందు పొడి కొనే కంపెనీల వాళ్ళకి నా విన్నపం ఒకటే. పొడిని యంత్రంలో పోసేముందు ఒక్క స్లయిడు చూడండి. ఫ్లాస్కులో కాస్త కలిపి దీపం ముందు తిప్పండి, పట్టు మెరుపు ఉందేమో గమనించండి. పీఎస్‌డీ రిపోర్టులో అంకెల పక్కన స్కేలుతో సహా ఫోటో పెట్టండి, ఎదుటివాళ్ళు పెట్టకపోతే అడగండి. దీనికి పట్టేది పది నిమిషాలు. ఫోటో లేని రిపోర్టు మీద 2011 తర్వాత నేను సంతకం పెట్టలేదు.